రాతినార కథ: వర్తకుల మౌనము



సరకును అమ్మువాడు అబద్ధమాడినచో నేరమని అందఱును ఒప్పుకొందురు. అబద్ధమాడక, నిజమును చెప్పక, ఊరకుండినచో అది నేరమగునా కాదా యన్నది మాత్రము నాటినుండి నేటివరకు వివాదముగనే యున్నది. ఒక సరకున మఱియొక సరకు కలిపి అమ్మరాదనియు, సారము లేనిదానిని, కొలతకు తగ్గినదానిని, దూరమున నుంచి మఱుగుపఱచినదానిని అమ్మరాదనియు మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున విధించినది. ఆ మఱుగుపఱచుట యన్నది గమనింపదగిన మాట. అబద్ధము వేఱు, మఱుగు వేఱు. అయినను స్మృతికారుడు రెంటిని ఒక్క త్రాసుననే తూచినాడు. విజ్ఞానేశ్వరుని మితాక్షరను కేతన పదుమూడవ శతాబ్దిలో తెనిగించిన నాటినుండి ఇట్టి వ్యవహారధర్మములు తెలుగువారికి తమ భాషలోనే లభించుచున్నవి.

కంపెనీ యన్న మాట మన సీమకు కుంఫిణీ యన్న రూపమున వచ్చినది. 1800లో నిజాము ఈ దత్తమండలములను ఇంగ్లీషు కుంఫిణీ కప్పగించినాడు. 1847 ఫిబ్రవరిలో మా కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరిదీసినదియు ఆ కుంఫిణీయే. ఆ కుంఫిణీ గతించి చాలకాలమైనది. నేటి కంపెనీలకు సైన్యములు లేవు, కోటలు లేవు. వాని సరకులు మాత్రము మన వంటయింటిలోను, పడుకగదిలోను, తలపైని కప్పులోను ఉన్నవి. తమ పనివలన గాలికి, నీటికి, మనుష్యుల ఊపిరికి కలుగు మేలు కీడులను గూర్చి అవి ఏమి చెప్పుచున్నవి, ఏమి చెప్పక మానుచున్నవి, కొనువారు అందులకేమి చేయుచున్నారు అన్నదే నేటి ప్రసంగ విషయము. ఇది దూరదేశపు ముచ్చట గాదు. మన సీమ రాతిలో పుట్టి, మన యిండ్లపై కెక్కిన ఒక వస్తువు కథ.

జమ్మలమడుగు దాటి దక్షిణమునకు పోయినచో పులివెందుల సీమ వచ్చును. అచ్చట బ్రాహ్మణపల్లె, లోపట్నూతల ప్రాంతములందు మెగ్నీషియము గల సున్నపురాతి పొరల నడుమకు ఒకానొక పూర్వకాలమున భూగర్భమునుండి కరగిన నల్లరాయి చొచ్చుకొని వచ్చినది. ఆ వేడికి సున్నపురాయి మాఱి, పచ్చని జిడ్డురాయియై, దాని పగుళ్ళలో పట్టుకుచ్చువంటి నార పేరుకొన్నది. రాతిని సుత్తితో పగులగొట్టి వ్రేళ్ళతో లాగినచో దూదివలె విచ్చుకొనును. నిప్పున వేసిన కాలదు, నీట నానిన కుళ్ళదు, చెద పట్టదు. దీనినే మనవారు రాతినార యనిరి. ఇంగ్లీషువారు ఆస్బెస్టాస్ అనిరి. 1934లో భారత భూగర్భ పరిశోధనశాఖవారు దత్తమండలముల రాతినారను గూర్చి కూల్సన్ దొర రచించిన గ్రంథమునే వెలువరించిరన్నచో దీని విలువ యెంతటిదో ఊహింపవచ్చును.

ఈ నార మానవునికి క్రొత్త కాదు. దేవీమాహాత్మ్యమున శుంభుని భృత్యులగు చండముండులు తమ ప్రభువు సంపదను వర్ణించుచు, అగ్నిదేవుడు అతనికి అగ్నిశౌచములైన వస్త్రముల జంట నొసగెనని చెప్పుదురు. అగ్నిలో వేసిన శుభ్రపడు బట్ట యేదియని నేను చదువుకొను దినములలో మా గురువుల నడిగితిని. దేవతావస్త్రమునకు కారణ మడుగరాదనిరి. రాతినారబట్ట సంగతి తెలిసిన పిమ్మట, ఆ కల్పనకు మూలమున ఏదో కన్నవస్తువు ఉండియుండునని నాకు తోచును. మన మోటుపల్లి రేవు వస్త్రముల సన్నదనమును పొగడిన మార్కో పోలోయే, మధ్యాసియా కొండలలో రాతినుండి తీసిన నారతో బట్టలు నేయుదురనియు, మాసినప్పుడు నిప్పున వేయగా అవి తెల్లబడుననియు వ్రాసినాడు. అది నిప్పులో బ్రదుకు జంతువు బొచ్చని నాటి ఐరోపావారు నమ్ముచుండిరి. జంతువు కాదు, రాయి అని అతడు తేల్చినాడు. ఆరువందల సంవత్సరములు ఇది రాజుల వింతవస్తువుగనే మిగిలినది.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆస్ట్రియా దేశస్థుడు హాట్షెక్ అనునతడు సిమెంటును రాతినారను నీట కలిపి, కాగితము చేయు యంత్రమువంటి దానిపై పలుచని రేకులుగా తీయు ఉపాయమును కనిపెట్టినాడు. అక్కడినుండి రాతినార పేదవాని యింటిపై కెక్కినది. మన ప్రాంతమున హైదరాబాదున 1946లో ఈ రేకుల కర్మాగారము వెలసినది. చార్మినారు గుర్తుగల ఆ రేకులను ఎఱుగని పల్లె అరుదు.

మన సీమవారు ఈ రేకును ఎందులకంత ప్రేమతో కొనిరో చెప్పక తప్పదు. నా చిన్నతనమున మా యూర రెండే విధములైన కప్పులుండెను. కలిగినవానికి మిద్దె, లేనివానికి బోదకొట్టము. మిద్దెపైకి ఏటేట తొలకరికి ముందు చవుడు తెచ్చి పోసి తొక్కించవలెను. ఒక యేడు ఏమరినచో చినుకు చినుకునకు ఇల్లు ఏడ్చును. కొట్టము సంగతి చెప్పనక్కఱ లేదు. చైత్రవైశాఖముల ఎండలో ఒకరి పొయ్యినుండి ఎగిరిన నిప్పురవ్వ వాడవాడను బూడిద చేయును. కాలనిది, కుఱియనిది, మోయుటకు తేలికైనది, ఒక దినములో వేయదగినది, నాపబండలకంటె వెల తక్కువైనది యగు రేకు వచ్చినప్పుడు పేదవాడు దానిని వరమని తలచుట తప్పు కాదు. అది ఒక విధముగా వరమే. ఆ వరమునకు తోడు వచ్చినదానిని గూర్చి ఎవ్వరును అతనికి చెప్పలేదు.

చెప్పదగినవారికి తెలియదా? తెలియును. ఎప్పటినుండి తెలియునో కొంచెము వివరముగా చెప్పెదను. ఈ చరిత్రకు ప్రాణము అదియే.

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున టర్నర్ బ్రదర్స్ వారి రాతినార మిల్లులో నెల్లీ కెర్షా అను స్త్రీ పనిచేయుచుండెను. 1924లో ముప్పదిమూడేండ్ల వయస్సున ఊపిరాడక మరణించినది. కుక్ అను వైద్యుడు ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి, వానిలో రాతినార పోగులు గ్రుచ్చుకొనియున్నవని వైద్యపత్రికలో ప్రకటించినాడు. కంపెనీవారు పరిహారము నిరాకరించిరి. ఉత్తరక్రియల ఖర్చునకును ఒప్పుకొనలేదు. ఒప్పుకొనినచో తమ సరకువలన జబ్బు కలుగునని ఒప్పుకొనినట్లగును గదా! 1930లో మెరివెదర్, ప్రైస్ అను ఇద్దఱు ప్రభుత్వాధికారులు 363 మంది పనివారిని పరీక్షించి, నలుగురిలో ఒకరికి పైగా ఊపిరితిత్తులు గట్టిపడుచున్నవని నివేదించిరి. మఱుసటి యేడే అచ్చట దుమ్మును అణచు నిబంధనలు వచ్చినవి. అనగా 1931 నాటికే ఈ వ్యాపారస్థులలో ఎవ్వరును 'మే మెఱుగము' అనుటకు వీలు లేదు.

అమెరికాలో రాతినార వర్తకులకు ఒక పత్రిక యుండెను. ఈ జబ్బును గూర్చి ఏమియు వ్రాయవలదని వర్తకులు ఆ పత్రికవారిని కొన్నేండ్లుగా కోరుచుండిరి. 1935లో సంపాదకుడు, ఇకనైనను వ్రాయవచ్చునా యని అడిగినాడు. అప్పుడు రేబెస్టాస్ మన్‌హాటన్ కంపెనీ అధ్యక్షుడు సమ్నర్ సింప్సన్, జాన్స్ మాన్విల్ కంపెనీ న్యాయవాదికి జాబు వ్రాయుచు, ఈ వస్తువును గూర్చి యెంత తక్కువ మాటలాడిన మనకంత మేలు అను భావమును తెలిపినాడు. న్యాయవాదియు అందులకు ఏకీభవించినాడు. ఈ జాబులు పెట్టెలో నలువదేండ్లు పడియుండి, 1977లో వ్యాజ్యముల నిమిత్తము బయటపడినవి.

ఇంతకంటె గుండె కలచునది 1949 నాటి కాగితము. ఆ జాన్స్ మాన్విల్ కంపెనీ వైద్యుడే కెనడాలోని పనివారి ఊపిరితిత్తుల ఛాయాచిత్రములు తీసి, పలువురిలో రోగపు మచ్చలను చూచినాడు. చూచి ఏమని వ్రాసినాడు? మనిషి ఇంకను పనిచేయగలిగియున్నంతవరకు అతనికి సంగతి తెలుపవలదు. తెలియకున్నచో అతడు నిశ్చింతగా బ్రదుకును, కంపెనీకి అతని అనుభవము ఉపయోగపడును అని! వైద్యునికి రోగితో గల బంధమును మన ఆయుర్వేదాచార్యులు తండ్రీబిడ్డల బంధముతో పోల్చిరి. ఈ వైద్యుడు ఎవరికి తండ్రియో శ్రోతలే నిర్ణయింతురు గాక.

ఈ జబ్బు స్వభావమే మౌనమునకు అనుకూలమైనది. పాము కఱచినచో గడియలో తెలియును. రాతినార పోగు కంటికి కానరాదు. పీల్చిన దినమున దగ్గు కూడ రాదు. ఇరువది, ముప్పది, నలువది యేండ్లకు ఆయాసముగనో, క్యాన్సరుగనో, ఊపిరితిత్తులను కప్పియుండు పొరకు పట్టు అరుదైన పుట్టగనో బయటపడును. అప్పటికి పనివాడు ఎక్కడనో, యజమాని ఎక్కడనో. 1964లో న్యూయార్కు వైద్యుడు సెలికాఫ్ పనివారి లెక్కలను తీసి లోకమునకు వెల్లడించినతరువాతనే కదలిక వచ్చినది. 1973లో అమెరికా న్యాయస్థానము, క్లారెన్స్ బోరెల్ అను పనివాని వ్యాజ్యమున, సరకు చేయువాడు దానివలని అపాయమును వాడువారికి తెలుపవలసిన బాధ్యత కలవాడని తీర్పు చెప్పినది. మౌనమును నేరముల లెక్కలోనికి తెచ్చిన తీర్పు ఇది. 1982లో 16,000కు పైగా వ్యాజ్యములు మీదపడగా మాన్విల్ కంపెనీ దివాలా రక్షణ కోరినది. అప్పటికి దాని ఆస్తులకు కొఱత లేదు, నమ్మకమునకే కొఱత.

కొనువారు మేల్కొన్నంతనే పాశ్చాత్యదేశములందు ఈ సరకు అంగళ్ళనుండి తొలగుచు వచ్చినది. ఇండ్లు కొనునప్పుడు రాతినార కలదా యని అడుగుట అచ్చట వాడుకయైనది. బ్రిటను 1999లోను, ఐరోపా కూటమి దేశములన్నియు 2005 నాటికిని దీనిని నిషేధించినవి. అమెరికాలో 1989లో చేసిన నిషేధమును న్యాయస్థానము 1991లో చాలవఱకు కొట్టివేయగా, తెల్ల రాతినారపై నిషేధము మరల 2024లోగాని రాలేదు. పనిచేయుచోట పీల్చిన రాతినారవలన ఏటేట 2,00,000 మందికి పైగా మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కగట్టినది.

మన దేశమున జరిగినది వేఱు. 1986లో కేంద్రప్రభుత్వము రాతినార గనులకు క్రొత్త కౌళ్ళిచ్చుటను, తరువాత పాతవానిని పొడిగించుటను ఆపినది. క్రమముగా పులివెందుల త్రవ్వకము సన్నగిల్లి మూతపడినది. కాని రేకుల తయారీ ఆగలేదు. మన రాయి ప్రమాదమని త్రవ్వుట మాని, రష్యానుండి, కజకిస్తానమునుండి, బ్రెజిలునుండి అదే నారను తెచ్చుకొనుచు వచ్చితిమి. దీనిలోని తర్కము నా శాస్త్రపరిజ్ఞానమునకు అందలేదు.

1995 జనవరిలో సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పినది. రాతినార పనివారి ఆరోగ్యపు లెక్కలను పనిలో చేరిన నాటినుండి నలువదేండ్లవరకో, పని మానిన పిదప పదునైదేండ్లవరకో, ఏది అధికమైన అంతవరకు యజమానులు భద్రపఱుపవలెననియు, జబ్బు నిర్ధారణయైన పనివానికి లక్ష రూపాయలు పరిహార మీయవలెననియు ఆజ్ఞాపించినది. ఈ వ్యాజ్యము తెచ్చినవారెవరు? అహమ్మదాబాదులోని వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రము. అనగా కొనువారి సంఘము, చేయువారి ఊపిరికై కోర్టు మెట్లెక్కినది. మన దేశపు కొనుగోలుదారుల చరిత్రలో ఇది మఱవరాని ఘట్టమని నా అభిప్రాయము. 2011లో పూర్తి నిషేధమును కోరిన మఱియొక వ్యాజ్యమును మాత్రము అదే కోర్టు అంగీకరింపలేదు.

రేకుల కంపెనీల వాదమును కూడ చెప్పుట న్యాయము. తెల్ల రాతినార సిమెంటులో బిగిసియున్నప్పుడు పోగులు గాలిలోనికి రావనియు, కర్మాగారమున దుమ్మును అదుపులో నుంచవచ్చుననియు వారందురు. కదలక, చెదరక, ఇంటిపై నున్న మంచి రేకునుండి వచ్చు అపాయము స్వల్పమన్నది నిజమే. కాని మన పల్లెలో రేకు కదలక చెదరక ఉండునా? కొలతకు రంపముతో కోయుదురు. మర బిగించుటకు బెజ్జము వేయుదురు. కోతి దూకిన పగులును. పెనుగాలికి లేచి పడును. విఱిగిన ముక్కలను దొడ్డిలో గోడగా నాటుదురు, బురదలో అడుగు పెట్టుటకు పఱతురు. పిల్లలు ఆ ముక్కలను బండపై అరగదీసి తొక్కుడుబిళ్ళలు చేసికొనుట నేను బళ్ళలో పలుమాఱు చూచితిని. కర్మాగారపు అదుపు అచ్చటికి రాదు.

ఇక పేర్ల సంగతి. హైదరాబాదు కంపెనీ పేరున తొలుత ఆస్బెస్టాస్ అను మాట ఉండెను. పిమ్మట ఆ మాట పోయి హైదరాబాదు ఇండస్ట్రీస్ అయినది. తరువాత మూడక్షరముల పేరైనది. 2025లో అదియు మాఱినది. పేరు మార్చుటకు వ్యాపారమున కారణములు పెక్కులుండును గనుక నేను దురుద్దేశము నంటగట్టను. కాని వర్తకపు వాడుకలోనే ఆస్బెస్టాస్ సిమెంటు రేకు ఫైబర్ సిమెంటు రేకుగా మాఱుట అందఱు చూచుచున్నదే. ఫైబర్ అనగా నార. ఏ నార? అలంకారశాస్త్రమున విశేషమును చెప్పవలసినచోట సామాన్యమును చెప్పుట ఒక దోషము. అంగడిలో అది ఒక ఉపాయము. ఇట్టి సరకులపై హెచ్చరిక గుర్తులు ఎట్లుండవలెనో 1987లోనే భారత ప్రమాణములందు చెప్పబడినది. ఎద్దులబండిపైనో ట్రాక్టరుపైనో వచ్చి దింపబడిన రేకు అంచున ఇంగ్లీషులో నున్న ఆ గుర్తును చదివి, అర్థము చేసికొని, వెనుకకు పంపినవానిని నేనింతవఱకు చూడలేదు.

కొనువారి తీరు ఎట్లున్నది? తెలియనివాడు వెల అడుగును, ఎన్నేండ్లు మన్నునో అడుగును, తీసికొనిపోవును. అతనిని తప్పుపట్టను. కొంచెము తెలిసినవాడు 'ఊరంతయు వేసికొన్నారు, ఎవరికేమైనది?' అనును. నలువదేండ్ల పిదప వచ్చు రోగమునకు ఈ ప్రశ్న ఎంత చక్కగా ఉపకరించునో చూడుడు! ఆయాసముతో పోయిన ముసలివానిని పొగచుట్ట చంపినదందురు, ధూళి చంపినదందురు. రేకులు కోసిన చేయి ఆ లెక్కలోనికి రాదు. కంపెనీ మౌనమును కొనువాని మౌనము పూర్తి చేయుచున్నది.

ఇంతవఱకు చెడును దాచు మౌనమును గూర్చి చెప్పితిని. ఈ మధ్య మంచిని దాచు మౌనమొకటి పుట్టినది. గాలిని నీటిని కాపాడుటకై నిజముగా ఖర్చు పెట్టి పని చేసియు, కంపెనీ ఆ మాటను పైకి చెప్పకుండుట. దీనికి గ్రీన్‌హషింగ్ అని పేరు పెట్టినారు. 2022లో సౌత్ పోల్ అను స్విట్జర్లాండు సంస్థ పండ్రెండు దేశములందలి 1,200 కంపెనీలను విచారింపగా, ఇంచుమించు నాలుగింట ఒకటి తమ సంకల్పములను ప్రకటింప దలచుట లేదని తేలినదట. వినుటకు వింతగా నుండును గాని కారణము లున్నవి. ఒక మంచి చెప్పినచో, మిగిలినవాని సంగతి యేమని జనులు నిలదీయుదురు. మఱియు భూమికి మేలు చేయు సరకన్నంతనే అది నాసిరకమై యుండును, లేదా వెల హెచ్చై యుండును అని కొనువారిలో పలువురు అనుమానింతురు. దొంగహరితపు ప్రకటనలతో విసిగినవాడు నిజమైనదానిని కూడ నమ్మడు. తోడేలు కథ మన పిల్లలందఱకు తెలిసినదే.

మన ప్రభుత్వము 1991 ఫిబ్రవరిలోనే దీనికొక మార్గము వేసినది. పరిసరములకు హాని తక్కువ చేయు సబ్బులు, కాగితము, రంగులు మొదలగు పదునాఱు తరగతుల సరకులకు ఈకోమార్క్ అను ముద్ర. ఆ ముద్రపైని బొమ్మ మట్టికుండ! మట్టినుండి వచ్చి మట్టిలో కలియు కుండకంటె తగిన బొమ్మ మఱియొకటి లేదు. దానిని ఎన్నుకొన్నవానికి నా నమస్కారము. కాని ముద్ర కోరి వచ్చిన కంపెనీలు చాల కొద్ది. కొనువాడు కుండబొమ్మను అడుగలేదు గనుక కంపెనీ తెచ్చుకొనలేదు. కంపెనీ తేలేదు గనుక కొనువానికి అట్టి బొమ్మ కలదనియే తెలియలేదు. ముప్పదేండ్లు దాటిన పిదప 2024 సెప్టెంబరులో క్రొత్త నిబంధనలతో ఆ పథకమును మరల నిలిపినారు. ఆ యేడే అక్టోబరులో, ఆధారము చూపక పరిసరముల మేలును చాటుకొను ప్రకటనలను అదుపు చేయు మార్గదర్శకములు వచ్చినవి. సంగతులను దాచుటయు, విడిచిపెట్టుటయు కూడ వానిలో మోసపు లక్షణములుగా చేర్చబడినవి. మనువు మఱుగు అన్నది మరల శాసనభాషలోనికి వచ్చినదన్నమాట. షేరుబజారులోని మొదటి వేయి కంపెనీలు 2022-23 నుండి తమ పరిసర వ్యవహారములను ఏటేట తెలుపవలెనను నియమమును సెబీ చేసినది. ఆ నివేదికలను వాటాదారులు చదువుదురేమో. రేకు కొనువానివఱకు అవి రావు.

రేకుకు బదులు ఏమున్నదని మీరడుగుదురు. రాతినార లేని సిమెంటు రేకులు వచ్చినవి. జింకు రేకులున్నవి, వేసవిలో కుంపటివలె నుండును. మన బేతంచెర్ల, అవుకు, కొలిమిగుండ్ల నాపబండలు చల్లనివి, తరములు మన్నునవి, వెల మాత్రము గోడను కూడ గట్టిగా కట్టమనును. క్రొత్త రేకు కొనువారు 'ఇందులోని నార యేది?' అని అడిగి, చెప్పినదానిని రసీదుపై వ్రాయించుకొనవచ్చును. సరకు గుణమును తెలిసికొను హక్కు 1986 నాటి వినియోగదారుల చట్టము ఇచ్చినది, 2019 నాటి చట్టము నిలిపినది.

ఇప్పటికే ఇంటిపై పాతరేకు ఉన్నవారు భయపడి రేపే పీకించనక్కఱ లేదు. పీకుటలోనే దుమ్ము హెచ్చు. బాగున్నదానిని కదలింపకుండుట మేలు. దింపవలసి వచ్చినచో నీరు చల్లి తడిపి, పగులగొట్టక, మరలు విప్పి నిండురేకుగా దింపవలెను. రంపమును ఎండుగా ఆడింపరాదు. పడిన పొడిని చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డను మూటగట్టవలెను. ముక్కలను బావిగట్టునకు, పిల్లలాడు చోటునకు దూరముగా ఉంచవలెను. మేస్త్రీ నవ్వును. నవ్వనిండు, అతని ముక్కునకు గుడ్డ కట్టించి పని చేయింపుడు.